నాన్నగారి మతిమరుపు, అమెరికా ఇంజెక్షన్, ఎకరం మాగాణి

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్లుగా మతిమరుపు. అడిగిందే అడుగుతున్నారు. మొన్న సంక్రాంతికి పాల ప్యాకెట్ కోసం వెళ్లి, ఇంటిదారి గుర్తురాక గుడి అరుగు మీద కూర్చుండిపోయారు. గుంటూరులో న్యూరాలజిస్టు స్కానింగ్, రక్తపరీక్షలు చేయించి అల్జైమర్స్ మొదటి దశ అన్నారు. డొనెపెజిల్ మాత్ర రాశారు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య ‘జబ్బును ఆపే ఇంజెక్షన్ ఇక్కడ వచ్చేసింది, నాన్నను తీసుకొచ్చేస్తా, లేదంటే మందే తెప్పిద్దాం’ అంటున్నాడు. మా మేనమామ ఒక స్టెమ్‌సెల్ క్లినిక్ పేరు చెబుతున్నాడు, ఆరు లక్షలట. ఎకరం మాగాణి అమ్మితే రేపు మన గతేంటని అమ్మ ఏడుస్తోంది. నాన్నగారికి బీపీ ఉంది. గుండె లయ తప్పుతోందని మూడేళ్లుగా రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటున్నారు. ఏం చేయమంటారు? పొలం అమ్మేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం:

అమ్మా, పొలం అమ్మకండి. ఈ ఒక్క మాట ఇప్పుడే వెళ్లి అమ్మగారికి చెప్పండి. కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ఉత్తరం చివర్లో, బీపీతో కలిపి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు చూడండి, రక్తం పలచబడే మాత్ర సంగతి. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు అన్నయ్య చెప్పిన ఇంజెక్షన్ గురించి మాట్లాడుకుందాం. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. తండ్రి మీద ప్రేమతో దూరాన ఉన్న కొడుకు ఎక్కడ ఆశ కనిపిస్తే అక్కడ పట్టుకుంటాడు. ఆయన్ని తప్పుపట్టకండి.

ఈ జబ్బుకు పేరు పెట్టిన అల్జైమర్ అనే జర్మన్ డాక్టరు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో అగస్టె అనే 51 ఏళ్ల ఆమెను చూశాడు. ఆమె 1906లో చనిపోయాక మెదడును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, కణాల మధ్య గారలాంటి మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ దారాల్లాంటివి కనిపించాయి. ఆ గార దేనితో తయారవుతుందో తేలడానికి 1984 దాకా పట్టింది. అమిలాయిడ్ అనే ప్రొటీన్ అది. దాన్ని కడిగేస్తే జబ్బు ఆగుతుందన్న నమ్మకంతో ఎన్నో కంపెనీలు వేల కోట్లు ఖర్చుపెట్టాయి. 2002 నుంచి 2012 వరకు అన్ని రకాలూ కలిపి 244 మందుల మీద 413 ట్రయల్స్ (మనుషులకు ఇచ్చి చూసే పరీక్షలు) జరిగితే, చివరికి అనుమతి దాకా వచ్చింది ఒకే ఒక్కటి, మెమాంటిన్. అది కూడా లక్షణాలను కొంత అదుపులో పెట్టేదే తప్ప జబ్బు నడకను మార్చేది కాదు. ఆ రోజుల్లో ప్రతి కొత్త మందు వార్తకూ మేం ఆశపడ్డాం, ప్రతిసారీ మా పేషెంట్ల ఇళ్లవాళ్లకు ‘ఇదీ పనిచేయలేదమ్మా’ అని చెప్పాల్సి వచ్చింది.

అందుకే లెకానెమాబ్ అనే మందు ఫలితాలు వచ్చినప్పుడు నాకు నిజంగానే సంతోషం కలిగింది. అన్నయ్య చెబుతున్నది దీని గురించో, దీని తర్వాత వచ్చిన డొనానెమాబ్ గురించో అయి ఉంటుంది. మొదటిదానికి అమెరికాలో 2023 జూలైలో పూర్తి అనుమతి వచ్చింది, రెండోదానికి 2024 జూలైలో. రెండూ యాంటీబాడీలే, అంటే అమిలాయిడ్‌ను వెతికి పట్టుకునే ప్రొటీన్లు. సెలైన్ ఎక్కించినట్టు నరానికి ఎక్కిస్తారు. మొదటిది పదిహేను రోజులకోసారి, రెండోది నాలుగు వారాలకోసారి. మెదడులో పేరుకున్న అమిలాయిడ్‌ను ఇవి నిజంగానే తీసేస్తున్నాయి, స్కానింగ్‌లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అయితే గార పోయినంత మాత్రాన మనిషి తేరుకుంటాడా? మీరు లెక్కల మాస్టారి కూతురు కదా, లెక్క చూద్దాం. లెకానెమాబ్ ట్రయల్‌లో 1,795 మంది ఉన్నారు. సగం మందికి మందు, సగం మందికి మందులేని ద్రవం, 18 నెలల పాటు. జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి 18 మార్కుల కొలత ఒకటుంది. మార్కులు పెరిగితే జబ్బు పెరిగినట్టు. మొదట్లో రెండు గుంపులూ దాదాపు 3.2 దగ్గరే ఉన్నాయి. 18 నెలలు గడిచేసరికి మందు తీసుకోనివాళ్లకు సగటున 1.66 మార్కులు పెరిగాయి. తీసుకున్నవాళ్లకు 1.21. తేడా 0.45. పేపర్లలో వచ్చిన ‘27 శాతం’ అన్న మాట ఈ తేడాలోంచి వచ్చిందే. మందు తీసుకున్నవాళ్లూ దిగజారారు, కాస్త నెమ్మదిగా దిగజారారు. 18 నెలల చివర వీళ్లున్న మెట్టుకు, మందు తీసుకోనివాళ్లు దాదాపు అయిదు నెలల ముందే దిగిపోయారనుకోండి. పోయిన జ్ఞాపకం తిరిగి రావడం అన్నది ఈ మందులో లేదు.

అయిదు నెలలంటే తక్కువేనని నేననను. తన పెన్షన్ ఎంత పడిందో తానే చూసుకుని, కూరగాయలవాడికి తానే లెక్కకట్టి డబ్బులిచ్చే అయిదు నెలలు ఆ మనిషికి చాలా విలువైనవి. కానీ ఆ అయిదు నెలలకు ఏం చెల్లిస్తున్నామో కూడా చూడాలి. అమెరికాలో లెకానెమాబ్ ధర ఏడాదికి 26,500 డాలర్లు, మన డబ్బులో 22 లక్షలకు పైనే. అది మందు ఒక్కదానికే. మొదలుపెట్టే ముందు మెదడులో అమిలాయిడ్ ఉందని పెట్ స్కాన్‌తోనో, వెన్నులోంచి నీరు తీసో రుజువు చేయాలి. మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ ఎంఆర్ఐలు తీయాలి. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు కొనుక్కునే ఇన్సూరెన్సులు ముందునుంచీ ఉన్న జబ్బుకు ఇలాంటి వైద్యం ఇవ్వవు. బ్రిటన్‌లో 2024 ఆగస్టులో ఈ మందుకు అనుమతి వచ్చిన రోజునే, ప్రభుత్వ ఆస్పత్రుల్లో పెట్టే ఖర్చుకు తగిన మేలు ఇందులో లేదని, అలాంటి లెక్కలు చూసే అక్కడి సంస్థ ముసాయిదా ఇచ్చింది. డబ్బున్న దేశమే అంత ఆలోచించిందంటే, ఎకరం మాగాణి ఉన్న ఇల్లు ఇంకెంత ఆలోచించాలి?

ఇక రక్తం పలచబడే మాత్ర సంగతి. ఈ ఇంజెక్షన్లకు ఒక ప్రమాదం ఉంది. రక్తనాళాల గోడల్లో కూడా అమిలాయిడ్ ఉంటుంది. దాన్ని పీకేస్తున్నప్పుడు ఆ గోడలు కొన్నాళ్లు బలహీనపడి, మెదడులో వాపు రావడం, చిన్నచిన్న చోట్ల రక్తం చిమ్మడం జరుగుతుంది. లెకానెమాబ్ తీసుకున్నవాళ్లలో వాపు వందకు 12, 13 మందిలో కనిపించింది. డొనానెమాబ్‌తో 24 మందిలో. చాలామందికి బయటికి ఏమీ తెలియకుండానే తగ్గిపోయింది. కొందరు చనిపోయారు కూడా. రక్తం పలచగా ఉన్న మనిషికి ఆ చిమ్మడం ఆగకపోతే ఏమవుతుందో మీరే ఊహించండి. అందుకే యూరప్‌లోనూ బ్రిటన్‌లోనూ మీ నాన్నగారిలా ఆ మాత్రల మీద ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదని రాసేశారు. అమెరికాలో నిపుణులు రాసుకున్న నియమాలూ ఇవ్వొద్దనే చెబుతాయి. రేపు ఈ మందు మన పక్క వీధిలో ఉచితంగా దొరికినా మీ నాన్నగారికి ఎక్కించమని నేను చెప్పను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘అయితే ఆ మాత్ర ఆపేసి ఇంజెక్షన్ వేయిద్దాం’ అని ఎవరైనా అనవచ్చు. ఆ పని చేయకండి. గుండె లయ తప్పినప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు వెళ్లి పక్షవాతం వస్తుంది. ఆ మాత్ర రోజూ అడ్డుకుంటున్నది దాన్నే. అల్జైమర్స్ ఉన్న మెదడుకు పక్షవాతం కూడా తోడైతే, ఆయన రెండు మూడేళ్లలో కోల్పోయేది ఒక్క రాత్రిలో పోతుంది. గుండె డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు. మతిమరుపు వల్ల ఆయనే మర్చిపోతుంటారు కాబట్టి, రేపటినుంచి ఆ మాత్ర మీరో అమ్మగారో చేతికిచ్చి, మింగేదాకా దగ్గరుండండి.

మాత్రల మాట వచ్చింది కాబట్టి డొనెపెజిల్ గురించి కూడా. పాతికేళ్లకు పైగా వాడుతున్న మందు. మన దగ్గర నెలకు కొన్ని వందల్లో వస్తుంది. జబ్బును ఆపదు, కానీ కొంతమందిలో కొన్నాళ్లు శ్రద్ధ, మాట కాస్త మెరుగ్గా ఉంటాయి. అయితే అది నాడిని నెమ్మది చేస్తుంది. మీ నాన్నగారికి గుండె లయ సమస్య ఉంది కాబట్టి, ఈ మాత్ర మొదలుపెట్టినట్టు గుండె డాక్టరుకు తెలుసా? తెలియకపోతే ఈ వారంలోనే ఒక ఈసీజీ తీయించి చూపించండి. కళ్లు తిరగడం, ఉన్నట్టుండి తూలిపడటం కనిపిస్తే వయసు వల్లలే అనుకోకుండా వెంటనే తీసుకెళ్లండి. విరేచనాలు, పీడకలలు వస్తే న్యూరాలజిస్టుకు చెప్పండి, వేసుకునే వేళ మారిస్తేనే కొందరికి సర్దుకుంటుంది.

మేనమామగారు చెప్పిన స్టెమ్‌సెల్ క్లినిక్ విషయంలో మాత్రం నాకు మెత్తగా మాట్లాడటం చేతకాదు. అల్జైమర్స్‌కు స్టెమ్‌సెల్స్ పనిచేస్తాయని ఇంతవరకు ఎక్కడా రుజువు కాలేదు. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: రక్తానికి వచ్చే కొన్ని జబ్బులకు చేసే స్టెమ్‌సెల్ మార్పిడి తప్ప మిగతా వాడకమంతా పరిశోధనే. పరిశోధన అయితే అనుమతి పొందిన ట్రయల్‌లో జరగాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆరు లక్షలు అడిగారంటేనే అది వైద్యమూ కాదు, పరిశోధనా కాదు. నా దగ్గరికి ఒక కుటుంబం ఇలాంటి చోట డబ్బు పోసి వచ్చింది. ఫైలంతా తిరగేశాను. పైసాతో సహా లెక్కరాసిన బిల్లులు మూడున్నాయి. వెన్నులోకి ఏం ఎక్కించారో, ఎంత ఎక్కించారో రాసిన కాగితం ఒక్కటీ లేదు. ఆ కొడుకు ‘మేం చేయాల్సింది చేశాం కదా సార్’ అని నన్నే అడిగాడు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో ఆ పరిస్థితి రాకూడదు.

నిజమైన ట్రయల్ అంటే వేరు. మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌కూ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి, ఎవరైనా ఆ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలని, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావచ్చు. ‘మనవాళ్ల మీద ప్రయోగాలా’ అని చాలామంది బాధపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జైమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉందని అంచనా. అంతమంది ఉన్నా పెద్ద ట్రయల్స్‌లో మనవాళ్లు చాలా తక్కువ. మన బీపీలు, మన షుగర్లు, మన తిండి ఉన్న శరీరంలో ఆ మందు ఎలా పనిచేస్తుందో మనవాళ్లు పాల్గొంటేనే తెలుస్తుంది.

ఈ పరిశోధనలో హైదరాబాద్‌కూ ఒక చోటుంది, ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ కలిసి వినిపించే ఊళ్లో కాబట్టే ఆ సంగతి అంత స్పష్టంగా బయటపడింది. మొదలైన జబ్బును నయంచేసే దారి అది కాదు. కానీ మెదడు ఎలా తట్టుకుంటుందో చెప్పే పెద్ద ఆధారం. ఇప్పుడు జ్ఞాపకశక్తి పరీక్షలు కూడా తెలుగులో తయారయ్యాయి. మీ నాన్నగారికి పరీక్ష ఏ భాషలో పెట్టారో ఒకసారి అడగండి. తెలుగులో ఆలోచించే మాస్టారికి ఇంగ్లిష్ నుంచి తర్జుమా చేసిన ప్రశ్నలు వేస్తే మార్కులు తగ్గడం సహజం.

ముందుముందు ఏం రావచ్చు? మెదడు చుట్టూ రక్తంలోని పదార్థాలను లోపలికి రానివ్వని కంచె ఒకటుంది. యాంటీబాడీల్లో చాలా కొద్దిపాలే దాన్ని దాటుతుంది. ఇనుమును లోపలికి మోసుకెళ్లే ద్వారం గుండానే మందును కూడా దాటించే పద్ధతితో ట్రోంటినెమాబ్ అనే మందు మీద పెద్ద ట్రయల్స్ మొదలయ్యాయి. కణాల లోపల దారాల్లా చిక్కుపడేది టావు అనే రెండో రకం ప్రొటీన్, దాని మీదా పని జరుగుతోంది. లక్షణాలు రాకముందే ఇంజెక్షన్ ఇస్తే ఎలా ఉంటుందో చూస్తున్నారు. ఇంకోపక్క, బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ అల్జైమర్స్‌నూ నెమ్మదింపజేస్తుందేమోనని అందరం ఎదురుచూశాం, 2025 నవంబరులో అది పనిచేయలేదని తేలింది. ఈ రంగం ఇలాగే నడుస్తుంది. అమెరికాలో 2021లో సలహాదారులు వద్దన్నా అనుమతి ఇచ్చిన అడుకానుమాబ్ అనే ఇలాంటి ఇంజెక్షన్‌నే కంపెనీయే 2024లో వదిలేసుకుంది. కాబట్టి ‘అమెరికాలో వచ్చింది’ అనే వార్త వినగానే పొలం కాగితాలు బయటికి తీయకండి. ఆరు నెలలకోసారి మీ న్యూరాలజిస్టును ‘మా నాన్నకు సరిపోయేదేమైనా వచ్చిందా’ అని అడిగితే చాలు.

మీరు అడగలేదు గానీ, ‘నాకూ వస్తుందా’ అనే భయం మీలో ఉండే ఉంటుంది. ఈ వయసులో మొదలైన జబ్బు నేరుగా తండ్రి నుంచి బిడ్డకు రావడం అరుదు. కొంత రిస్కు మాత్రం పెరుగుతుంది. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, చెవుడు, నడక లేకపోవడం, ఒంటరితనం లాంటి 14 కారణాలను సరిచేసుకుంటే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను తప్పించడమో వెనక్కి నెట్టడమో చేయవచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. మీ బీపీ చూపించుకుని ఎన్నాళ్లయింది?

నాన్నగారి విషయంలో ఇప్పుడు చేయాల్సినవి పెద్ద ఖర్చుతో పనిలేనివే. రక్తపరీక్షల్లో బీ12, థైరాయిడ్ చూశారో లేదో కాగితాలు వెతకండి, లేకపోతే చేయించండి. చెవులు పరీక్ష చేయించండి, అడిగిందే అడగడంలో సగం సరిగా వినబడకపోవడం కూడా కావచ్చు. జలుబుకనో నిద్రకనో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు మానిపించండి, వాటిలో కొన్ని మతిమరుపును పెంచుతాయి. జేబులో పేరు, ఫోన్ నంబరు ఉన్న కార్డు పెట్టండి. పాల ప్యాకెట్ పని ఆయన దగ్గర్నుంచి లాగేసుకోకండి. మీరు పది అడుగులు వెనక నడవండి, ఆయన్నే ముందు నడవనివ్వండి. ఆయనకు అన్నీ తెలిసి సంతకం పెట్టగలిగే ఈ రోజుల్లోనే బ్యాంకు ఖాతా జాయింటు చేయడం, నామినీ, వీలునామా పూర్తిచేసుకోండి. జబ్బు ముదిరాక పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు. అమ్మగారికి అలసట ఎక్కువైతే పెద్దల హెల్ప్‌లైన్ 14567, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416 ఉన్నాయి. అల్జైమర్స్ కుటుంబాల కోసం ఏఆర్‌డీఎస్‌ఐ సంస్థకు హైదరాబాద్‌లో శాఖ ఉంది.

ఇంకొక్క సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్య ఏమంటున్నాడో రాశారు, మేనమామ ఏమంటున్నాడో, అమ్మ ఏమంటోందో రాశారు. నాన్నగారు ఏమంటున్నారో ఎక్కడా లేదు. అల్జైమర్స్ మొదటి దశలో ఉన్న మనిషి తన సంగతి తాను చెప్పుకోగలడు. చీరాల నుంచి ఒక నేతపని పెద్దాయనను ఇద్దరు కొడుకులు తీసుకొచ్చారు. ఇరవై నిమిషాలు వాళ్లే మాట్లాడారు. ఆయన లుంగీ అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి నేత ఎంత దగ్గరగా ఉందో చూసుకుంటూ కూర్చున్నాడు. ‘మీకేం కావాలి పెద్దాయనా’ అంటే చాలాసేపు ఆలోచించి, ‘ఇంటికొచ్చిన ప్రతివాడూ నేనెవరో చెప్పుకో చూద్దాం అంటాడయ్యా, అది ఆపమనండి’ అన్నాడు. కొడుకులిద్దరూ తలొంచుకున్నారు. మీ ఇంట్లో కూడా ఆ పరీక్ష జరుగుతూనే ఉంటుంది. ఆపించండి. వచ్చినవాళ్లే ‘మాస్టారూ, నేను ఫలానా’ అని పేరు చెప్పుకుంటే సరిపోతుంది.

నాన్నగారిని కూడా అడగండి. ఏ మందు వేయించుకోవాలనుంది, ఎక్కడ ఉండాలనుంది, పొలం ఏం చేయమంటారు, మీ గురించి ఏం బెంగపడుతున్నారు. పొద్దున్నే కాఫీ తాగాక అడగండి. సాయంత్రానికి ఈ జబ్బులో మనసు చెదురుతుంది, అప్పుడు వద్దు. అన్నయ్యను వీడియో కాల్‌లో ఉండమనండి. మాట కోసం ఆయన తడుముకుంటున్నప్పుడు ఎవరూ అందివ్వకండి, ఎంతసేపైనా ఆగండి.